సోలాపూర్ ధర

మా బాపు సూది కొన్నా సరే, సోలాపూర్‌లో దాని ధరెంతో తెలుసుకోకుండా కొనేవాడు కాదు. మాది నిజాం రాజ్యం, సోలాపూర్ ఇంగ్రేజు ఇలాఖా. అవతలి సరుకు ఇవతలికి రావాలంటే కరోడ్‌గిరి నాకాలో సుంకం కట్టాలి. ఇక్కడ చెల్లేది హాలీ సిక్కా, అక్కడ కల్దారు. రెండూ రూపాయలే గానీ కల్దారు విలువ ఎక్కువ. ఆ తేడా చూసి, సుంకం కలిపి, ఏది ఎక్కడ కొంటే లాభమో చెప్పడంలో చేవెళ్ళలో మా బాపును మించినవాడు లేడు. చుట్టాలు పెండ్లి బట్టలకు కూడా ఆయన్ను అడిగే పోయేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. అన్నం ముందు కూర్చున్నా అవే లెక్కలు.

మా వదిన నవ్వి ఊరుకునేది. ఒకసారి నా చెవిలో అన్నది: "నన్ను తెచ్చేముందు సోలాపూర్‌ల కోడలి ధర గూడ అడిగిండో ఏమో మీ బాపు." ఇద్దరం పొయ్యి దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం.

అన్నకు ఒక మోటారు సైకిలు ఉండేది. సీమకు వెళ్ళిపోతున్న ఒక ఇంగ్రేజు దొర దగ్గర పాతది కొన్నాడు. పక్కన మనిషి కూర్చునే తొట్టి ఉండేది. దాన్ని మొయినాబాద్ మీదుగా పట్నానికి కిరాయికి తిప్పేవాడు. యుద్ధం వచ్చాక పెట్రోలు దొరకడమే గగనమైంది. అయినా ఒక డబ్బా నిండా పెట్రోలు గడ్డివాములో దాచిపెట్టాడు. అది వదిన కోసం.

వదినకు తొలి కాన్పులో బిడ్డ అడ్డం తిరిగి చనిపోయింది. మళ్ళీ నెలలు నిండుతున్నాయి. ఈసారి మంత్రసానిని నమ్ముకోవద్దనీ, నొప్పులు మొదలవగానే పట్నం దవాఖానకు తీసుకురావాలనీ అక్కడి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ముందే పోయి ఉండటానికి పట్నంలో మాకు ఎవరూ లేరు. మోటారు ఉంది కదా, ఫికర్ లేదనుకున్నాం.

సరిగ్గా అప్పుడే అది మొరాయించింది. ఇంజనులో నిప్పు పుట్టించే మ్యాగ్నెటో చెడిపోయింది. అన్న పొద్దుటి బస్సులో పట్నం పోయి, సాయంత్రానికి ఉత్త చేతులతో వచ్చాడు. దుకాణంవాడు చెప్పిన ధర వినగానే బాపు లెక్కలు మొదలుపెట్టాడు. సోలాపూర్ మిల్లులో పనిచేసే మా మేనమామకు ఉత్తరం రాసి అడిగితే, అక్కడ చాలా తక్కువన్నాడు. కల్దారు తేడా కట్టినా, సుంకం కలిపినా లాభమే. బాపు అక్కడితో ఆగలేదు. సుంకం మాత్రం ఎందుకు దండగ, దుప్పట్లో చుట్టుకుని రమ్మని మామకు కబురు పెట్టాడు.

నాకాలో దుప్పటి విప్పించారు. వస్తువు అక్కడే పెట్టుకుని, జుర్మానా కట్టి తీసుకుపొమ్మన్నారు. మామ మొహం వేలాడేసుకుని వచ్చాడు. బాపు పైసలు సర్ది మళ్ళీ పంపాడు. మామ తిరిగి రాకముందే ఒక మధ్యాహ్నం వదినకు నొప్పులు మొదలయ్యాయి. బస్సు పొద్దున్నే పోయింది. అన్న ఎడ్లబండి కట్టాడు.

ఆమె తల నా ఒడిలో పెట్టుకున్నాను. ప్రతి గుంతకూ నా చెయ్యి నలిపేసేది. మొయినాబాద్ దాటేదాకా మూలుగుతూనే ఉంది. ఆ తర్వాత మూలుగు ఆగింది. నిద్ర పట్టిందనుకుని నేను సంతోషించాను, పిచ్చిదాన్ని. చెయ్యి చల్లబడ్డాక గానీ తెలియలేదు. అన్న ఎడ్ల పగ్గం పట్టుకుని ముందు నడుస్తున్నాడు.

తల్లినీ, కడుపులో బిడ్డనూ కలిపి మా చర్చి వెనక మట్టిచేశాం. పాదిరి గారు ప్రార్థన చేస్తుంటే నేను బాపు వైపే చూశాను. ఎన్ని మాటలు అనాలనుకున్నానో! ఆయన కూడగట్టిన లాభమంతా ఆయన ముఖాన కొట్టాలనిపించింది.

తర్వాత మామ మ్యాగ్నెటో తెచ్చాడు. బాపు దాన్ని రెండు చేతులా పట్టుకుని అన్న ముందు పెట్టాడు.

"నన్ను తిట్టు కొడుకా. కొట్టినా సరే," అన్నాడు.

అన్న దాన్ని ముట్టుకోలేదు.

"పట్నం దుకాణంవాడు ఇట్లాంటిదే నా చేతికిచ్చిండు బాపు. పైసలు నా జేబులనే ఉండె. ధర జర ఎక్కువున్నదని నేనే వాపసు ఇచ్చి వచ్చిన."

బాపు నేల మీద కూలబడి పిల్లవాడిలా ఏడ్చాడు. తిట్లు తింటే ఆయనకు కొంత బరువు దిగేది, అదీ దక్కలేదు. అంతదాకా నా కోపమంతా బాపు మీదే. ఇప్పుడు దాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక, నేను పోయి ఆయన పక్కన కూర్చున్నాను.