తలుపు పక్కన గాలాలు

గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో ఉండే పాయింట్స్‌మన్ ఐజాక్, ఆదివారం చర్చి నుంచి రాగానే చొక్కా విప్పి గాలాలు ముందేసుకుని కూర్చుంటాడు. కొబ్బరినూనె గుడ్డతో కర్రలు తుడుస్తాడు, దారం లాగి చూస్తాడు, కొక్కెం మొనను బొటనవేలి గోటి మీద గీసి పదును చూసుకుంటాడు. ఊరి బయట చెరువు ఎండి రెండేళ్లయినా ఈ పనిలో తేడా రాలేదు. మూలన ఆనించిన గాలానికి పోయిన వారం తలుపు తగిలి కొన విరిగింది. అందుకే వడ్రంగి తిప్పేష్‌ను స్టాండు తెమ్మన్నాడు.

తిప్పేష్ రెండు రకాలు తెచ్చాడు. మొదటిది గోడకు ఎత్తున కొట్టేది, గాలాలు దాని మీద అడ్డంగా పడుకుంటాయి. "ఇది బాగుంటాది అన్నా, షోకేసు మాదిరి," అన్నాడు.

"అట్ల పండబెట్టేది చేపలు పట్టేది మానుకున్నోళ్లప్పా. వాన పడిన పొద్దు నాకు చెయ్యి చాపితే అందాల."

రెండోది నిలువు స్టాండు. దాన్ని తలుపు పక్కన పట్టుకోమని తిప్పేష్‌కు చెప్పి, ఐజాక్ అందులో ఒక గాలం నిలబెట్టాడు. రాత్రి డ్యూటీలో, చీకట్లో పట్టాలు మార్చే లీవరు అందుకునే అలవాటుతో కళ్లు మూసుకుని చెయ్యి చాపాడు. గాలం సరిగ్గా పిడికిట్లోకి వచ్చింది.

ఇంతలో వంటింట్లోంచి భార్య రూతు వచ్చింది. చెరువు ఎండినప్పటి నుంచి ఆ గాలాలను అటక మీద పడెయ్యమని పోరుతున్నది ఆమే.

"ఈడనే కొట్టేదా అక్కా?" తిప్పేష్ జంకుతూ అడిగాడు.

రూతు గోడ వైపు, కింద నేల వైపు చూసింది.

"రవ్వంత జరిపి కొట్టప్పా. పక్కన చేపల బకెట్టు పట్టాల."