బొట్టు పెట్టి పిలిచిన మీటింగ్

మా పక్కింటి ఆంటీ పోయారు. ఆదివారం పొద్దున ఇక్కడ టెక్సస్‌లో, మా ప్లేనోలో ఇండియన్ స్టోర్‌లో గోంగూర కట్టలు ఏరుతుంటే ఆవిడ కూతురు ఫోన్ చేసింది. "అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది అక్కా" అంది. చేతిలో రెండు కట్టలతో అలాగే నిలబడిపోయాను. వాటిలో ఒకటి ఆవిడ కోసమే. దాన్ని తిరిగి బుట్టలో పడేయడానికి మనసొప్పలేదు. రెండూ కొనుక్కుని ఇంటికి వచ్చాను.

ఆవిడని మీలో ఎవరూ ఎరిగి ఉండరు. గొంతు మాత్రం మా వీధి చివరి వరకూ వినబడేది. గరాజ్ తలుపు పూర్తిగా తెరిచి, అక్కడ కుర్చీ వేసుకుని ఫోన్లు మాట్లాడేవారు. మనింటికి భోజనానికి వచ్చి, మన కూరలో ఉప్పు తగ్గిందని మన మొహం మీదే చెప్పేవారు. చెప్పి, రెండోసారి వడ్డించుకునేవారు.

అంకుల్ని నేను చూడలేదు. మేము ఆ ఇంటి పక్కకి రాకముందే పోయారు. గ్యాస్ స్టేషన్ నడిపేవారట. సొంత వ్యాపారం, పైగా బీపీ, ఏ కంపెనీ ఇన్సూరెన్స్ ఇవ్వలేదు. గుండెలో నొప్పి వస్తే అజీర్తి అనుకుని సర్దుకున్నారు. డాక్టర్ దగ్గరికి వెళ్తే బిల్లు ఎంత వేస్తారోనని వాయిదా వేశారు. తీరా వెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. ఈ సంగతి ఆంటీ ఏడుస్తూ చెప్పగా నేనెన్నడూ వినలేదు. ఎప్పుడూ కోపంగానే చెప్పేవారు.

2009లో ఇన్సూరెన్స్ చట్టం గురించి దేశమంతా కొట్టుకుంటున్నప్పుడు ఆ కోపానికి ఒక దారి దొరికింది. ప్రైవేటు కంపెనీలతో పాటు గవర్నమెంటు కూడా ఒక ఇన్సూరెన్స్ పెట్టాలి, కావలసినవాళ్ళు అందులో చేరొచ్చు అనేది కొందరి వాదన. దాన్నే పబ్లిక్ ఆప్షన్ అనేవారు. ఆంటీ దాన్ని పట్టుకున్నారు. మా ఊళ్ళో దాన్ని కోరేవాళ్ళు ఒక హాలులో సరిపోయేంతమందే. ఆ హాలు ఆంటీదే.

మొదటి మీటింగ్‌కి అందరూ ఈమెయిల్ పంపుదామన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. "ఈమెయిల్ చూసి ఎవరొస్తారమ్మా? బొట్టు పెట్టి పిలిస్తే రాకుండా ఎలా ఉంటారో నేనూ చూస్తాను" అని కుంకుమ భరిణె కార్లో పెట్టుకుని బయల్దేరారు. తెలుగువాళ్ళ ఇళ్ళకే కాదు, అమెరికన్ వాళ్ళ తలుపులూ తట్టారు. రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టేవారు. సగం కుంకుమ ముక్కు మీద రాలేది. తుడుచుకోబోతే ఊరుకునేవారు కాదు.

భర్త పోయిన మనిషి కుంకుమ భరిణె పట్టుకుని తిరగడమేమిటని గొణిగినవాళ్ళు ఉన్నారు. మా ఎదురింటికి గుంటూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ గుమ్మంలోనే వెనక్కి జరిగింది. నేను పక్కనే ఉన్నాను. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆంటీ మాత్రం భరిణె ఆవిడ ముందు పట్టి, "నేను పెట్టకూడదంటే మీరే పెట్టుకోండి పిన్నిగారూ. మీటింగ్‌కి మాత్రం రావాలి" అన్నారు. ఆవిడ పెట్టుకుంది.

బొట్టు పెట్టి పిలిస్తే మనవాళ్ళు ఏమనుకుంటారు? వ్రతమనుకున్నారు. ఆదివారం సాయంత్రం పట్టుచీరలు, పళ్ళు, కొబ్బరికాయలతో దిగారు. జీన్స్ వేసుకుని ప్లకార్డులతో వచ్చిన అమెరికన్ వాళ్ళు వీళ్ళని చూసి, తామే తప్పు బట్టలు వేసుకొచ్చామేమోనని కంగారుపడ్డారు. గుంటూరు పెద్దావిడ గంటసేపు ఓపిగ్గా కూర్చుని, "కథ ఎప్పుడు మొదలెడతారమ్మా?" అని అడిగింది.

"ఇప్పటిదాకా చెప్పింది కథే పిన్నిగారూ" అన్నారు ఆంటీ. తర్వాత ఆవిడ పక్కనే నేలమీద కూర్చుని మళ్ళీ మొదటినుంచీ చెప్పారు. "మన దగ్గర ప్రైవేటు బస్సులు ఎన్ని లేవు? లాభం ఉన్న ఊరికే వెళ్తాయి. ఆర్టీసీ బస్సు అన్ని ఊళ్ళకీ వస్తుంది కదా. ఇన్సూరెన్స్‌లో కూడా అలాంటి బస్సొకటి వెయ్యమంటున్నాం. అంతే."

ఆ పోలిక మా గుంపులో అందరికీ పట్టుకుంది. రిటైరైన ఒక అమెరికన్ స్కూల్ టీచర్ వచ్చేది. ఆంటీ ఆవిడని టీచరమ్మ అనే పిలిచేవారు. ఆవిడ కూడా ప్రతి మీటింగ్‌లో "ఆర్టీసీ, ఆర్టీసీ" అంటూ మాట్లాడేది. పబ్లిక్ ఆప్షన్ మీద ఆవిడకున్న పట్టుదల ఆంటీ కంటే ఒక పిసరు ఎక్కువే.

నేను మొదట ఆంటీకి తోడుగా తిరిగానంతే, గుంపులో చేరలేదు. గ్రీన్ కార్డే కదా, ఇంకా సిటిజన్ కూడా కాలేదు, మనకెందుకని. "నాకు ఓటు లేదాంటీ" అంటే, "నోరుంది కదా" అన్నారు. ఆ ఏడు మా ఆయన ఉద్యోగం పోయింది. పాత కంపెనీ ఇన్సూరెన్స్‌ని సొంతంగా కట్టుకుంటూ లాగుతున్నాం. దానికీ ఒక గడువుంది. కొత్త పాలసీకి అప్లై చేస్తే, మా ఇద్దరికీ ఇస్తాం, పాపకి ఇవ్వం అన్నారు. పాపకి చిన్నప్పుడే షుగర్ వచ్చింది. ఇన్సులిన్ లేకుండా ఒక్క రోజు గడవదు. ఆ మాట ఆంటీకి చెప్పాను. మర్నాటి నుంచి వాళ్ళ ఫ్రిజ్‌లో కింద అరనిండా, పాపకి షుగర్ పడిపోతే తాగించడానికి, జ్యూస్ డబ్బాలు ఉండేవి.

చలికాలం వచ్చేసరికి సెనేట్‌లో ఆ చట్టంలోంచి పబ్లిక్ ఆప్షన్ తీసేశారని తెలిసింది. మిగిలిన చట్టానికి మనం మద్దతివ్వాలా, వద్దా? అదే ఆ రోజు మీటింగ్. జబ్బున్న పిల్లలకి పాలసీ కాదనకూడదన్న మాట ఆ మిగిలినదాంట్లో ఉంది. నాకు కావలసింది అదే. అందుకే నోరు మెదపలేకపోయాను. నా స్వార్థం అనుకుంటారేమోనని.

టీచరమ్మ లేచి నిలబడింది. "ఇప్పుడు సరేనంటే ఇక ఎప్పటికీ ఇవ్వరు. అందరూ ఇన్సూరెన్స్ కొనాల్సిందేనని చెప్పి, కంపెనీలకి మనమే కొత్త కస్టమర్లని తోలి ఇస్తున్నాం. ఒప్పుకోకూడదు" అంది. ఆవిడ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు, ఇప్పటికీ నాకు అలాగే అనిపిస్తుంది. ఈలోపు పక్కగదిలోంచి పాప వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. "ఆంటీ, నాకు షుగర్ లో అయింది. జ్యూస్ కావాలి" అంది. ఆంటీ ఫ్రిజ్ దగ్గరికి పరిగెత్తారు. డబ్బాకి స్ట్రా గుచ్చి పాప నోటికి అందించింది మాత్రం టీచరమ్మే. అందిస్తూ కూడా వాదిస్తూనే ఉంది.

పాప మొహంలోకి రంగు వచ్చేదాకా ఆంటీ దాన్నే చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఇంగ్లీషులో, మెల్లగా అన్నారు. ఆవిడ మెల్లగా మాట్లాడగా నేను విన్నది అదొక్కసారే. "బస్సు రాలేదు. దానికోసం నేను ఇంకా స్టాప్‌లోనే నిలబడతాను. ఇప్పుడు ఒక ఆటో వచ్చింది. ఈ పిల్లని అందులో ఎక్కనిద్దాం."

ఆంటీ కన్నా ఆ బస్సు కోసం ఎదురుచూసినవాళ్ళు ఆ గదిలో ఎవరున్నారు? అంకుల్ ఫోటో గోడమీదే ఉంది. నేను గబగబా వంటింట్లోకి వెళ్ళి సింక్ దగ్గర నిలబడి ఏడ్చాను.

టీచరమ్మ కోటు తీసుకుని వెళ్ళిపోయింది. మీటింగ్ అయ్యాక ఆడవాళ్ళెవరినీ బొట్టు పెట్టకుండా ఆంటీ పంపేవారు కాదు. ఆ రోజు భరిణె పట్టుకుని టీచరమ్మ వెనకాలే కారుదాకా వెళ్ళారు. కారు ఆగలేదు. ఆ తర్వాత కొద్దిరోజులకే టీచరమ్మ ఆస్టిన్‌లో ఉన్న కూతురి దగ్గరికి మారిపోయింది. ఫోన్లో మళ్ళీ కలిశారు, మళ్ళీ పోట్లాడుకున్నారు, పండగలకి పలకరించుకున్నారు. ఫోన్ పెట్టేశాక ప్రతిసారీ ఆంటీ నాతో, "టీచరమ్మకి బొట్టు బాకీ ఉండిపోయానే" అనేవారు.

చట్టం వచ్చింది. మా గడువు అయిపోయే వేళకి పాప పేరుతో సహా మాకు పాలసీ దొరికింది. ఆ ఇన్సూరెన్స్ కార్డు తీసుకెళ్ళి చూపిస్తే ఆంటీ కళ్ళకద్దుకున్నారు. అద్దుకుని, "బస్సు మాత్రం ఇంకా రాలేదు, గుర్తుపెట్టుకో" అన్నారు.

శుభస్వీకారం నాడు ఆంటీ ఇంట్లో అందరం ఉన్నాం. టీచరమ్మ ఆస్టిన్ నుంచి ఒక్కతే డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసింది. అంకుల్ ఫోటో పక్కన కొత్తగా పెట్టిన ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "ఆ రోజు తీసుకోకుండా వెళ్ళిపోయాను. ఇప్పుడు పెడతారా?" అని అడిగింది.

ఆంటీ కూతురు దేవుడి గూట్లోంచి భరిణె తెచ్చి మా పాప చేతిలో పెట్టింది. పాప ఇప్పుడు నా అంత ఎత్తు. టీచరమ్మ నుదుటిమీది జుట్టు తనే పక్కకి తీసి, తల వంచింది. పాప చిన్నగా పెట్టబోయి ఆగింది. "నో, ఆంటీ పెద్దది పెడుతుంది" అని భరిణెలో వేలు మళ్ళీ ముంచి, రూపాయి బిళ్ళంత పెట్టింది. సగం ముక్కు మీద రాలింది.

"పబ్లిక్ ఆప్షన్ విషయంలో మాత్రం నేనన్నదే రైటు" అంది టీచరమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

కార్లో కూర్చుని ఎదురుగా ఉన్న అద్దంలో మొహం చూసుకుంది. బ్యాగులోంచి రుమాలు తీసింది. ఒక్క క్షణం దాన్ని పట్టుకుని కూర్చుని, మళ్ళీ మడిచి లోపల పెట్టేసింది. ముక్కు మీద ఆ ఎర్రటి పొడితోనే, మాకు చెయ్యి ఊపుతూ కారు వెనక్కి తీసింది.