దేవుడి గూట్లో బ్లీచింగు నీళ్లు

ఒక అబద్ధాన్ని మోస్తూ ముసలిదాన్నయిపోయాను. వయసుతో పాటు అన్నీ తగ్గుతాయి కదా, ఇదీ తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పంతొమ్మిది వందల డెబ్భైల చివర్లో మేం విశాఖ రేవుకు దగ్గర్లో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. అత్తగారు, మా ఆయన, మరిది, తోడికోడలు పైడమ్మ, పిల్లలు. మా ఆయనకు రేవులో ఉద్యోగం, తెల్ల యూనిఫారం. సాయంత్రానికి అది మసి కొట్టుకుని వచ్చేది. నేనూ పైడమ్మా బ్లీచింగు పౌడరు చిక్కగా కలిపి, పైకి తేరిన నీళ్లు ఒక సీసాలో పోసి ఉంచుకునేవాళ్లం. ఓడల నుంచి దిగిన ఖాళీ సీసాలు పాత పట్నంలో చవగ్గా దొరికేవి. నున్నగా, మరమూతతో ముచ్చటగా ఉండేవి. అత్తగారు సింహాచలం కొండ మీది గంగధార నీళ్లు తీర్థంగా తెచ్చుకున్నదీ అలాంటి సీసాలోనే.

బ్లీచింగు సీసా ఎప్పుడూ పెరట్లో గోడ మీద ఉండేది. ఒకరోజు మా చిన్నాడు దాన్ని అందుకోబోయాడు. గబుక్కున లాక్కున్నాను. పిల్లలకు అందని చోటేది? ఆ ఇంట్లో వాళ్లు చెయ్యి పెట్టడానికి భయపడేది ఒక్క దేవుడి గూడే. తీసుకెళ్లి అక్కడ పెట్టేశాను. ఎంత తెలివైనదాన్ననుకున్నానో! పక్కనే గంగధార సీసా ఉందని నాకు తెలుసు. తెలిసే పెట్టాను. పెద్దవాళ్లు చూసుకుంటారులే అనుకున్నాను. ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు.

అత్తగారికి నశ్యం అలవాటు. ముక్కుకు ఏ వాసనా తెలిసేది కాదు. ఆ శనివారం ఒక్కపొద్దు ఉండి, దణ్ణం పెట్టుకుని, తీర్థమనుకుని గుక్కెడు మింగేశారు.

ఆ కేక ఇప్పటికీ వినిపిస్తుంది. మేం కంగారులో ఉప్పునీళ్లు పట్టించి కక్కించాం. అది మరీ తప్పట. దిగేటప్పుడు కాల్చింది వచ్చేటప్పుడూ కాలుస్తుందని ఆస్పత్రిలో డాక్టరు మమ్మల్ని చెడామడా తిట్టాడు. సీసా అక్కడ ఎవరు పెట్టారని అడిగాడు. మా ఆయన, మరిది మా ఇద్దరి వైపూ చూశారు. నేను తల వంచుకున్నాను.

ఆస్పత్రి వరండాలో పైడమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఆ సీసా నానే గాని అక్కడెట్టీసినానేటి? నాకేటీ గేపకం రాట్లేదు."

ఒక్క మాట చాలు. 'నానే ఎట్టినాను' అనాలి. అనలేదు.

"నువ్వే ఎట్టుంటావు పైడీ. పన్లో పడి మరసిపోనావు."

ఎందుకన్నాను? మా ఆయన కోపానికి భయపడ్డానా? అత్తగారు పోతే హంతకురాలినవుతాననా? లేక ఆ క్షణంలో ఆ నేరం మొయ్యడానికి ఇంకో మనిషి తనంతట తానే ముందుకొస్తే, హమ్మయ్య అనిపించిందా? ఎన్నిసార్లు తవ్వుకున్నా చివరిదే నిజమనిపిస్తుంది. సిగ్గుగా ఉంది.

అత్తగారు బతికారు. గొంతు మాత్రం బొంగురుపోయింది, గంజి తప్ప మరేదీ దిగేది కాదు. ఆ గంజి కాచి, చల్లార్చి, చెంచాతో పట్టింది పైడమ్మే, ఆవిడ పోయేదాకా. మరిది దాన్ని మాటలతో పొడుస్తూనే ఉండేవాడు. పైడమ్మ ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. దేవుడి గూటి ముందు దీపం పెట్టడం మానేసింది. తన చేతులు పాడు చేతులంది. నేను పెట్టాను ఆ దీపం, ఏళ్ల తరబడి, చెయ్యి వణక్కుండా.

మొన్న దాని మనవరాలు ఫినాయిలు తెచ్చి మంచినీళ్ల బాటిల్లో పోయబోయింది. పైడమ్మ పరుగెత్తుకెళ్లి లాక్కుంది. "వద్దే తల్లీ, నాను అలాగే సేసి మా అత్తని సంపుకున్నాను," అంది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను.

సీసా పెట్టింది నేను. పైడమ్మ కాదు. అబద్ధమాడింది కూడా నేనే.

పైడమ్మకు చదవడం రాదు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నానని మీకు అర్థమయ్యే ఉంటుంది. ఎదురుగా కూర్చుని చెప్పే మనిషిని కాలేకపోయాను, ఇక అవుతానన్న నమ్మకమూ లేదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. అలసిపోయాను. రాశాక మాత్రం ఊపిరి కొంచెం ఆడుతోంది.