మామగారి కోటు రంగు

మా నేస్తం నలభై ఏళ్ళు రఫూ పని చేశాడు. చిరిగిన బట్టని పోగుపోగునా అల్లి అతికేవాడు. కొత్త అల్లుడిగా నేను మామగారి నల్లకోటు అడక్కుండా తెచ్చుకుని, ఇస్త్రీ చేస్తూ చిల్లుపడేలా కాల్చేశాను. సాయంత్రంలోగా అది ఆయన బీరువాలో ఉండాలి. నేస్తం ట్యూబులైటు కింద దారం సరిచూసి చిల్లు పూడ్చేశాడు.

పక్కనే కూర్చున్న మా పోస్ట్‌మాన్‌కి పిచ్చి ప్రశ్నలు అలవాటు.

"ఒరేయ్, రంగు గుడ్డలో ఉంటుందా, వెలుతురులో ఉంటుందా?"

"నీ బుర్రలో ఉంటుంది, నోర్ముయ్!" అన్నాడే గానీ, రఫూవాడు కోటు పట్టుకుని వీధిలోకి నడిచాడు. ఎండలో అతుకు వంకాయ రంగులో మెరిసింది.

"మామయ్య చూస్తే చచ్చానురా!" అన్నాను.

"కంగారుపడకండి అల్లుడుగారూ," అని వేళాకోళమాడుతూ నేస్తం అతుకంతా విప్పి, గుమ్మంలో ఎండకి కూర్చుని, వేరే నల్లదారం సరిచూసి మళ్ళీ అల్లాడు.

ఏళ్ళ తర్వాత నేనే ఒప్పుకుంటే, మామగారు భూతద్దం పెట్టి వెతికారు. దొరకలేదు. ఆ వేళ్ళకీ, ఆ పిచ్చి ప్రశ్నకీ ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.