పంతులమ్మ గారి వార్షిక ప్రణాళిక

జూన్‌లో బడి తెరిచిన వారంలోపు పంతుళ్ళందరూ వార్షిక ప్రణాళిక రాసి హెడ్మాస్టరుకి ఇవ్వాలి. ఏ నెలలో ఏ పాఠం చెబుతారో, దానికి ఎన్ని పీరియడ్లు పడతాయో గళ్ళు గీసి నింపాలి. రాయాలి అన్నది మాటవరసకే. దుర్గికి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఆ హైస్కూల్లో దాన్ని నిజంగా రాసినాయన ఎప్పుడో బదిలీ అయిపోయాడు. ఆయన వదిలిపోయిన కాగితాన్ని ఏటేటా మక్కీకి మక్కీ దించి, పైన సంవత్సరం మార్చి, కింద సంతకం పెట్టడమే మిగిలినవాళ్ళ పని. చేతిరాత బాగున్న పదో తరగతి పిల్ల దొరికితే ఆ దించే శ్రమ కూడా ఉండదు.

ఎనభై నాలుగో సంవత్సరంలో ఆ బడికి బదిలీ మీద వచ్చిన తెలుగు పండితురాలు హైమావతి మాత్రం ఆ కాగితాన్ని దించే ముందు చదివింది. చదివేసరికి ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడో తరగతి పాఠాలు పన్నెండింటినీ శెనక్కాయలు పంచినట్టు ఏడాది పొడుగునా సమానంగా పంచేశారు. జనవరి నుంచి మార్చి దాకా నాలుగు పాఠాలట. ఆ మూణ్ణెల్లూ ఊళ్ళో మిరపకోతలు. తరగతిలో ఉన్న నలభై ఒక్క మందిలో ఇరవై రెండు మంది చేలల్లో ఉంటారు, వాళ్ళలో ముప్పాతిక మంది ఆడపిల్లలు. ఆ నాలుగు పాఠాలూ ఎవరికి చెప్పాలి, బెంచీలకా? ఏప్రిల్లో ఏడో తరగతి కామన్ పరీక్ష. వినని పాఠం మీద ప్రశ్నొస్తే పిల్ల తప్పుతుంది. తప్పిన ఆడపిల్లని మళ్ళీ బడికి పంపే ఇల్లు ఆ ఊళ్ళో ఒక్కటీ లేదు.

ఆవిడకి ఇది ఒకరు చెబితే తెలిసిన సంగతి కాదు. గురజాల దగ్గర రెండెకరాల మిరప రైతు పున్నయ్య కూతురామె. ఏడో తరగతిలో కోతలకు పోయి, తిరిగొచ్చేసరికి పాఠాలన్నీ దాటిపోయి, పరీక్ష తప్పింది. చదివింది చాల్లే అన్నాడు తండ్రి. తల్లి అన్నపూర్ణ మూడు పూటలు పొయ్యి వెలిగించకుండా కూర్చుంటే గానీ ఆయన దిగిరాలేదు. “మా అమ్మ మొండిది కాబట్టి నేను పంతులమ్మనయ్యాను. మొండితల్లి లేని పిల్ల గతేంది?” అని హైమావతి ఎవరితోనైనా అనేది. ఆ మాట అన్నప్పుడల్లా ఆవిడ గొంతు కాస్త పైకి లేచేది.

అందుకని ఆవిడ ప్రణాళిక ఆవిడే రాసుకుంది. ఎట్లాగూ పుస్తకాలు ఆగస్టుకి గానీ రావు. కాబట్టి జూన్, జులైలలో పిల్లల చేత ఇళ్ళల్లో వినే సామెతలూ కథలూ చెప్పించడం, వాటినే రాయించడం, ఉత్తరాలు రాయడం నేర్పడం. ఆగస్టు నుంచి రోజూ మొదటి గంటకి ముందే ఇంకో గంట బడి. డిసెంబరు లోపు పది పాఠాలు పూర్తి. మిగిలిన రెండు చిన్న పాఠాలూ కోతలు అయిపోయాక. జనవరి, ఫిబ్రవరి, మార్చి గళ్ళల్లో ‘మిరపకోతలు, ఉన్నవాళ్ళకి చదివింపు’ అని రాసింది.

హెడ్మాస్టరు శేషగిరిరావు గారు చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే పోట్లాడటం తేలికయ్యేది. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని, “హైమావతి గారూ, ప్రభుత్వం కాగితంలో మిరపకాయలేమిటండీ? పైవాళ్ళు చూస్తే నవ్విపోతారు. పాతది ఉందిగా, అట్లాగే రాసివ్వండి” అన్నాడు.

“పిల్లలుండని నెలలో పాఠం చెబుతానని అబద్ధం ఎట్లా రాయమంటారండీ?”

“అబద్ధం కాదమ్మా, ప్రణాళిక.”

హైమావతి కాగితం ఆయన బల్ల మీదే పెట్టి వచ్చేసింది. ఆయన దాన్ని తిరిగి పంపలేదు గనక ఒప్పుకున్నాడనుకుంది. అదీ ఆవిడ అమాయకత్వం. ఆయన ఆ కాగితాన్ని సొరుగులో పడేసి, గుమాస్తా ఇస్మాయిల్ చేత పాతది దింపించి, కింద హైమావతి పేరు రాయించి, పైకి పంపేశాడు. పైనుంచి ‘ఆమోదించడమైనది’ అని ముద్ర పడి వచ్చింది. అది కూడా ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

నవంబరులో తనిఖీ వచ్చింది. తనిఖీ అధికారి ప్రభాకరరావు గారు ఏడో తరగతిలోకి వచ్చి, వెనక బెంచీలో కూర్చుని, ముద్ర పడిన ప్రణాళిక తీశాడు. హైమావతి ఎనిమిదో పాఠం చెబుతోంది.

“ఏమ్మా, ఈ వారం ‘సంతలో ఒక రోజు’ చెప్పాలి కదా. పిల్లలూ, ఆ పాఠం తియ్యండి.”

నలభై ఒక్క పుస్తకాలు టపటపా తెరుచుకున్నాయి. పిల్లలు ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ తిప్పారు. విషయసూచిక మీద వేలు పెట్టి వెతికారు. చివరికి మూడో వరసలోంచి బుజ్జమ్మ లేచి, “ఆ పాఠం మా పుస్తకంలో లేదండీ” అంది.

లేదు మరి. పుస్తకం మారి మూడేళ్ళయింది. ‘సంతలో ఒక రోజు’ పాత పుస్తకంలో పాఠం. జూన్‌లో ఆ కాగితం చదివిన హైమావతి కూడా కోపంలో నెలల లెక్క చూసింది గానీ పాఠాల పేర్లు చూడలేదు. మూడేళ్ళుగా లేని పాఠాన్ని పంతుళ్ళు ప్రణాళికలో దించుతూనే ఉన్నారు, హెడ్మాస్టర్లు పంపుతూనే ఉన్నారు, సాక్షాత్తూ ఈ ప్రభాకరరావు గారే ముద్ర కొడుతూనే ఉన్నాడు. గుడ్డెద్దు చేలో పడితే ఎద్దుకైనా కళ్ళు లేవనుకోవచ్చు. వీళ్ళందరికీ కళ్ళూ ఉన్నాయి, వాటికి అద్దాలూ ఉన్నాయి.

ఆయన మొహం నల్లబడింది. బుజ్జమ్మ పుస్తకం అందుకుని చూసి తిరిగిచ్చేశాడు. ఇప్పుడైనా సిగ్గుపడతాడని హైమావతి ఎదురుచూసింది. ఆయన సిగ్గుపడలేదు, మెమో ఇచ్చాడు. ‘ఆమోదించిన ప్రణాళిక ప్రకారం బోధన సాగడం లేదు. సంజాయిషీ ఇవ్వవలెను. ఇకమీదట ప్రణాళికను తు.చ. తప్పక పాటించవలెను.’

అంటే మిగిలిన పాఠాలు మళ్ళీ ఫిబ్రవరికీ మార్చికీ పోవాలన్నమాట. ఇరవై రెండు మంది మళ్ళీ గోతిలో పడాలన్నమాట. మెమోకి కుట్టిన ఆ ప్రణాళిక కింద తన పేరు ఎవరో రాసినందుకు ఆవిడకి వచ్చిన కోపం ఒక ఎత్తు, ఈ చివరి వాక్యానికి వచ్చిన కోపం పది ఎత్తులు.

“పొరపాటైందని రెండు ముక్కలు రాసిస్తే పోతుందమ్మా” అన్నాడు శేషగిరిరావు గారు.

“పొరపాటు ఎవరిదండీ?”

హైమావతి పొరపాటని రాయలేదు. జరిగింది జరిగినట్టు నాలుగు పేజీల సంజాయిషీ రాసి, దాని వెనక తన ప్రణాళిక నకలు ఇంకోటి కుట్టి పంపింది. జవాబు రాలేదు. జవాబు కోసం ఆవిడ ఆగలేదు కూడా. చలికి వణుకుతూ వచ్చిన పిల్లలకి పొద్దున్నే పాఠం చెప్పి, డిసెంబరు ఇరవై ఎనిమిదికి పదో పాఠం ముగించింది.

జనవరిలో బుజ్జమ్మ తల్లి మంగమ్మ బడి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

“పంతులమ్మా, పిల్లని రేపట్నించి కోతకి తీసకపోతన్నా. ఏమనుకోమాక. ఇద్దరం పోకపోతే గడవదు.”

“నేనేమీ అనుకోనులే వదినా. దాని పాఠాలు అయిపోయినయ్యి. సద్ది కట్టేటప్పుడు పుస్తకం గూడా కట్టి పంపు, చాలు.”

మంగమ్మ తిట్లు పడదామని సిద్ధపడి వచ్చింది. ఒక్క తిట్టూ పడకపోయేసరికి కొంగుతో కళ్ళొత్తుకుంది.

మే నెలలో ఫలితాలొచ్చాయి. కోతలకు పోయిన ఇరవై రెండు మందిలో పంతొమ్మిది మంది తెలుగు గట్టెక్కారు. అంతకుముందు ఏడాది గట్టెక్కింది నలుగురు. బుజ్జమ్మ ఎనిమిదో తరగతిలో చేరింది. శేషగిరిరావు గారు ఆ జాబితాని నోటీసు బోర్డుకి స్వయంగా అంటించాడు.

జూన్‌లో ఆయన ఆవిణ్ణి పిలిచి, నవ్వుతూ, సైక్లోస్టైల్ చేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. ‘ఆదర్శ వార్షిక ప్రణాళిక, ఏడో తరగతి తెలుగు. అన్ని పాఠశాలలూ యథాతథంగా అనుసరించవలెను.’ కింద ప్రభాకరరావు గారి సంతకం. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది వ్యవహారం. హైమావతి చదువుకుంటూ పోయింది. పొద్దుటి గంట ఉంది. సామెతలు, ఉత్తరాలు ఉన్నాయి. ‘మిరపకోతలు’ కూడా ఉన్నాయి, వరి తప్ప మిరప చెట్టు కనపడని పల్లపు ఊళ్ళ బళ్ళకి కూడా అవే.

“చూశారా, మీరే గెలిచారు. ఇంక దించుకోవడమే” అన్నాడాయన.

“ఈ ఏడు ఊరంతా పత్తి విత్తనాలు కొన్నారండీ. తెగులొచ్చి మిరప వదిలేశారు. పత్తి తీతలు దసరాకే మొదలవుతాయి. పిల్లలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉండరు. జనవరికి తిరిగొస్తారు. ఇది మొత్తం తిరగరాయాలి.”

“ఆమోదం అయిపోయిందమ్మా. అక్షరం మార్చడానికి వీల్లేదు.”

“నేను రాసిందే కదండీ?”

“ఎవరు రాస్తేనేం?”

హైమావతి ఆయన బల్ల మీది కలం అందుకుంది. ఆ కాగితం మీద, పై నుంచి కింది దాకా, అడ్డంగా రాసింది: ‘ఈ ప్రణాళిక రాసినది నేను. ఈ సంవత్సరానికి ఇది పనికిరాదు.’ కింద, ఈసారి తన చేత్తోనే, పేరు రాసి సంతకం పెట్టింది.