రాతి మీద బాబాయి ముఖం

ఈవేళ మా క్వార్టరు కిటికీలకు రంగు వేస్తున్నారు. అవిసె నూనె వాసన తగలగానే సరోజిని పిన్ని మనసులో మెదిలింది. పిన్ని మా అమ్మ స్నేహితురాలు, బడిలో డ్రాయింగు టీచరు. నిమ్‌పురా రైలింజన్ల షెడ్డులో ఫిట్టరుగా చేసిన బాబాయి నేను పుట్టకముందే పోతే, ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలోని క్వార్టరు వదిలి ఇందా పేటలో అద్దెకు దిగింది. వెనక వరండాలో చేత్తో తిప్పే ప్రెస్సు, ఒక సున్నపురాయి పలక పెట్టుకుని అవిసె నూనెలో కలిపిన రంగులతో లిథో బొమ్మలు, అంటే రాతి అచ్చు బొమ్మలు, వేసేది. నేను రైల్వే ఆఫీసులో గుమస్తాను. ముప్పై దాటాక ఆదివారాలు ఆవిడ దగ్గర ఆ పని నేర్చుకున్నాను.

ఒక ఏడు బాబాయి బొమ్మ మొదలుపెట్టింది. ఉన్న ఒక్క ఫోటో చెమ్మకు పాడైపోయింది. పసుపు రావలసిన చోట్లు మాత్రమే జిడ్డు పెన్సిలుతో రాతిమీద గీసింది. తుమ్మబంకలో కాస్త ఆమ్లం కలిపి పూసింది. రాయిని తడిపితే గీత ఉన్నచోట నీరు నిలవదు, రంగు అక్కడే అంటుకుంటుంది. పన్నెండు కాగితాల మీద పసుపు పడ్డాక రాయిని ఇసుకతో అరగదీసి, అదే రాతిమీద ఎరుపుకు మళ్ళీ గీసింది. తర్వాత నీలం, చివర నలుపు.

ఎరుపు నన్ను వేయమంది. ప్రతి రంగూ సరిగ్గా అదే చోట పడేలా కాగితాన్ని ఆనించే గుర్తు జరిగిపోయిందని నేను చూసుకోలేదు. ఆరబెట్టాక చూస్తే ఎనిమిదింటిలో పెదవుల ఎరుపు గడ్డం మీదికి దిగింది.

“మళ్ళీ పసుపు నుంచి వేద్దామా పిన్నీ?”

“ఎక్కడిదే పసుపు? రాయి మీంచి ఎప్పుడో పోనాది. నాలుగు బాగున్నాయి గదా, ఆటిని సూసుకో.”

నీలం అయ్యేసరికి ఆవిడ చూపు బాగా మందగించింది. నలుపు నన్నే గీయమంది.

“నేను బాబాయిని చూడనేలేదు.”

“నేను సూసినాను గదేటి! సెప్తాను, గియ్యి. కనుబొమ్మ కాడ గాటుంటాది. రాయి మీద ఎడంపక్క గియ్యి, అచ్చులో తిరగబడి కుడిపక్కకొస్తాది.”

మూడు ఆదివారాలు చెబుతూనే ఉంది. ముఖం గురించి మొదలుపెట్టి ఆయన కోపం గురించి, అలిగి అన్నం మానేసిన రోజుల గురించి చెప్పింది. అంతకుముందెన్నడూ ఆయన మాట ఎత్తి ఎరగదు.

మొదటి అచ్చు తీసి ఇచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళకు ఆనించినంత దగ్గరగా పెట్టుకుంది.

“ఈయన నవ్వుతున్నాడేటి?”

పెదవి చివర నా గీత కొంచెం పైకి లేచింది. “సరిచేయొచ్చు పిన్నీ. ఇంకా మూడు కాగితాలున్నాయి.”

“నా ముందర ఎప్పుడూ ఇలాగ నవ్వలేదే,” అంది. చాలాసేపు చూసింది. “ఒద్దు, ఉండనీ. మిగతా మూడూ ఇలాగే తియ్యి.”

ఆ వేసవిలోనే పిన్ని పోయింది. రాయీ ప్రెస్సూ నాకే దక్కాయి. ఇప్పుడు నేనూ ముఖాలు గీస్తున్నాను. ఆవిడ ముఖం మాత్రం ఎన్నిసార్లు మొదలుపెట్టినా కుదరదు. పెన్సిలు ఆపి, పక్కన ఎవరో కూర్చున్నట్టు అడుగుతాను: “పిన్నీ, ఇలాగేనా?”