మరిగే యాసిడ్ దగ్గర మా పిన్ని

పిన్ని పోయిందని తెనాలి నుంచి బాబాయి ఫోన్ చేసేసరికి ఫ్యాక్టరీలో రియాక్టర్ మరుగుతోంది. "పొద్దున టీ తాగుతూ ఒరిగిపోయిందమ్మా. గుండె ఆగిపోయిందన్నారు," అన్నాడు బాబాయి. బయలుదేరుతున్నానని చెప్పాను గాని కదల్లేకపోయాను. యాసిడ్ మరుగుతుండగా కెమిస్టు గేటు దాటకూడదు. ఆ నియమం పెట్టింది పిన్నే. నా బదులు నిలబడాల్సిన రెండో కెమిస్టు బాపట్ల నుంచి బస్సులో రావాలి. అతను వచ్చేదాకా ఉష్ణోగ్రత ముల్లు చూస్తూ నిలబడ్డాను. ఏడుపు కంటే ముందు నాకు భయమే వచ్చింది. ఇకమీదట ఇక్కడ అనుమానం వస్తే ఎవరిని అడగాలి?

మా ఫ్యాక్టరీ రేపల్లె దగ్గర ఉంది. సవరాలకు పనికిరాని చిక్కు వెంట్రుకలు మూటలుగా మా దగ్గరికి వస్తాయి. వాటిలో పడ్డ క్లిప్పులు, చెత్త ఆడవాళ్లు బల్లల దగ్గర కూర్చుని ఏరేస్తారు. వెంట్రుకంటే ప్రోటీనే. దాన్ని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో గంటల తరబడి మరిగిస్తే అది తెగిపోయి అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. అందులోంచి సిస్టీన్ అనేదాన్ని వేరు చేసి మందుల కంపెనీలకు పంపుతాం. మరిగించే పాత్రే రియాక్టర్. బయటి నుంచి ఆవిరితో వేడిచేసే ఆ పాత్ర ఉక్కుది, లోపల గాజు పూత. ఆ పూత బాగున్నంత కాలమే మేం క్షేమం. అది ఎక్కడైనా పోతే యాసిడ్ ఉక్కును తినేస్తుంది.

పిన్ని ముందు బాపట్లలో కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పేది. తర్వాత ఇక్కడ పెద్ద కెమిస్టుగా చేరి, తెనాలి నుంచి రోజూ పాసింజరు బండిలో వచ్చి వెళ్లేది. దిగే ముందే కిటికీలోంచి మా పొగగొట్టం చూసేది; ఆవిరి తెల్లగా ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టే అనేది. నన్ను ఈ పనిలో పెట్టిందీ ఆమే. షెడ్డు గుమ్మంలో ఒక్క క్షణం ఆగి గాలి పీల్చి చూసి గాని లోపలికి అడుగు పెట్టేది కాదు. పని మొదలయ్యే ముందు ప్రార్థన చేసుకునేది, కళ్లు తెరిచే. అదేంటి పిన్నీ అంటే, "కళ్లు మూసుకుంటే మీటరు ఎవరు చూస్తారే? ప్రభువుకి తెలుసులే," అనేది. చేరిన కొత్తలో నేను రియాక్టర్‌కి నాలుగడుగుల అవతలే ఆగిపోయేదాన్ని. "భయమేస్తోందా? మంచిది. భయం పోయిన రోజున చెప్పు, నిన్ను ఆఫీసులో కూర్చోబెడతా," అంది.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం, మరుగుతున్న ద్రవంలోంచి తీసిన శాంపిల్‌లో ఇనుము కనిపించింది. ఇనుముంటే పరీక్ష మందు వేయగానే ఎర్రబడుతుంది. అది లేతగా ఎర్రబడింది. పిన్ని మేనేజరు గారి దగ్గరికి వెళ్లింది. ఆమె వెనకే నేనూ వెళ్లాను.

"ఆవిరి కట్టేయాలేమోనండి," అంది.

"ఏంటి మేడం, ఏ జడక్లిప్పో వెంట్రుకలతో పాటు లోపల పడి కరిగుంటుంది. ఇనుము కనపడదా మరి?"

"అయ్యుండొచ్చండి. క్లిప్పయితే కరిగాక ఇనుము ఇంక పెరగదు. కాసేపాగి మళ్లీ చూస్తాను."

ఆ కాసేపూ ఆమె కూర్చోలేదు. పమిట కొంగు వేలికి చుట్టడం, విప్పడం. రెండో శాంపిల్ మందారంలా ఎర్రబడింది. పిన్ని ఎవరినీ అడగకుండా తన చేత్తోనే ఆవిరి వాల్వు కట్టేసింది.

పాత్ర చల్లార్చి, ఖాళీ చేసి, కడిగి లోపల లైట్లు వేసి చూశాం. గాజు నున్నగా మెరుస్తోంది. ఎక్కడా ఏమీ లేదు. ఆపరేటర్ మస్తాన్ పిన్ని దగ్గరే పని నేర్చుకున్నవాడు. అతనికే ముందు కోపం వచ్చింది. "ఎక్కడుందమ్మా బొక్క? పని ఆగితే వెంట్రుకలు ఏరే ఆడోళ్లకి కూలుండదు. వాళ్లకేం చెప్పమంటారు?"

"నాదే పొరపాటేమో బాబూ. అయితే నన్నే తిట్టమను. పరీక్ష చేసేవాళ్లొచ్చేదాకా మాత్రం నింపనివ్వను."

ఆ రోజుల్లో ఏరే గది ముందు నుంచి వెళ్తుంటే ఆడవాళ్లు పిన్నిని పలకరించేవాళ్లు కాదు. బండిలో తెనాలి వెళ్తూ భట్టిప్రోలు దాటాక ఆమె నాతో మెల్లగా అంది, "నేను చెప్పింది తప్పయితే బాగుండునని ప్రార్థన చేస్తున్నానే."

తప్పు కాలేదు. హైదరాబాద్ నుంచి వచ్చినతను కరెంటు బ్రష్షుతో గాజంతా తడుముకుంటూ వెళ్లాడు. గాజు పోయినచోట ఆ కరెంటు ఉక్కుకు తగిలి రవ్వ లేస్తుందట. అడుగున ఒకచోట చిటుక్కుమని నిప్పురవ్వ లేచింది. గాజు పోయింది ఆవగింజంత మేర. దాని వెనక ఉక్కు మాత్రం నిమ్మకాయ పట్టేంత గుల్లయి ఉంది. మస్తాన్ అందులో వేలు పెట్టి చూసి వెంటనే తీసేశాడు. "అమ్మా, రోజూ నేను నిలబడేది దీని పక్కనే కదండీ," అన్నాడు. పిన్ని తల ఊపింది. ఆమె మొహంలో నెగ్గిన సంతోషం లేదు. నీళ్లడిగి తాగింది.

అంతటితో అయిపోలేదు. క్లిప్పే తగిలి గాజు పగిలిందని మేనేజరు గారు తేల్చేశారు. చూపు మందగించి క్లిప్పును ఏరకుండా వదిలేసి ఉంటుందని మరియమ్మను ఏరే గదిలోంచి తీసేయమన్నారు.

"క్లిప్పు తగలడం ఎవరు చూశారండి?" అంది పిన్ని. "ఆమెను తీసేస్తే రేపటి నుంచి ఏం జరిగినా అందరూ దాచేస్తారు. ఎవరూ ఏదీ చెప్పని చోట నేను పని చేయలేనండి. నన్ను కూడా పంపించేయండి."

ఆయన తన మాట వెనక్కి తీసుకున్నారు. మరియమ్మ ఉండిపోయింది. క్లిప్పులు పట్టుకోవడానికి ఏరే బల్లల చివర అయస్కాంతాలు పెట్టించారు.

అనుమానం నిజమని తేలాక పిన్నికి ధైర్యం రావాలి కదా. రాలేదు. "ఈసారి కనపడింది. కనపడనిది ఇంకెక్కడ తింటోందో," అనేది. ఇంటి దగ్గర కూడా అన్నం మధ్యలో ఫోన్ చేసి శాంపిల్ రంగు అడిగేది. దగ్గు పట్టుకుంది. ఆ దగ్గుకీ గుండెకీ సంబంధం లేదని డాక్టరు గారు బాబాయికి చెప్పారట. నాకు నమ్మాలనే ఉంది. నా గొంతు గరగరలాడినప్పుడల్లా ఆ మాట ఒకసారి పైకి అనుకుంటాను.

మర్నాడు తెనాలి సమాధుల తోటలో పిన్నిని పడుకోబెట్టాం. చర్చి అయ్యగారు ప్రార్థన ముగించాక రేపల్లె నుంచి వచ్చిన ఆడవాళ్లు ఒక్కొక్కరే పిడికెడు మట్టి వేశారు. మరియమ్మ వంగి పెట్టె మీద చెయ్యి ఆనించి ఏదో చెప్పుకుంది. మస్తాన్ గోడ పక్కన టోపీ తీయకుండా నిలబడ్డాడు.

సాయంత్రం బండిలో అందరం కలిసే తిరిగొచ్చాం. రేపల్లె దగ్గర పడి బండి వేగం తగ్గగానే ఒక్కొక్కరూ లేచి కిటికీల దగ్గరికి, తలుపు దగ్గరికి చేరారు. చేల అవతల మా ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపిస్తోంది. దాని మీద పల్చటి ఆవిరి, తెల్లగా, గాలికి సముద్రం వైపు వంగుతోంది. మరియమ్మ నా భుజం పట్టుకుని, "తెల్లగానే ఉందా తల్లీ?" అంది. తెల్లగానే ఉందన్నాను. బండి స్టేషన్లో ఆగింది. ఎవరూ వెంటనే దిగలేదు. అందరం అటే చూస్తున్నాం.